ఓడినవాడే మట్టి తవ్వాలి

పోయిన నెల కోదాడ నుంచి అప్పారావు మా ఇంటికి వచ్చాడు. తమ్ముడి పెళ్ళికి పిలవడానికి వచ్చానన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు, కుర్చీ మూలిగింది. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకముందే మా ఆవిడతో, "చెల్లెమ్మా, మీ ఆయన్ని మిర్యాలగూడ కుస్తీల్లో నేను ఎత్తి పడేశాను, తెలుసా? వెల్లకిలా! ఊరంతా చూసింది," అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. పెళ్ళయినప్పటి నుంచి మా నాయిన నోట ఆమె వింటున్న కథ వేరు. అందులో వెల్లకిలా పడింది అప్పారావు. ఒకే కుస్తీని ఇద్దరు గెలవడం ఎట్లాగో ఆమెకు అర్థం కాలేదు. ఆ మట్టిలో నిజంగా పొర్లినవాడిగా నాకూ ఒక కథ ఉంది. అది ఆ రెండింటికంటే చప్పగా ఉంటుంది గనక ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. నాకింకా ముప్పై నిండలేదు, జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదంటుంది మా ఆవిడ. నిజమే, కానీ ముప్పై నిండేదాకా ఆగితే అప్పారావు నన్ను ఇంకో రెండుసార్లు పడేసి ఉంటాడు.

అప్పట్లో మేం సూర్యాపేటలో ఉండేవాళ్ళం. మా వీధి చివర గానుగ, గానుగను ఆనుకుని ఒక పెంకుల కొట్టం. ఆ కొట్టమే ఇమామ్ సాబ్ తాలీం. తాలీమంటే కుస్తీ నేర్పే చోటు. పేరు వింటే ఏదో కోటలా అనిపిస్తుంది గానీ ఉన్నదల్లా ఒక గుంత. చుట్టూ గోడ, నడుమ గుంత, గుంత నిండా మెత్తటి ఎర్రమట్టి. ఆ మట్టిలో నువ్వుల నూనె, పసుపు, మజ్జిగ, నిమ్మరసం కలిపేవారు. మా నాయనమ్మ ఈ వివరాలన్నీ శ్రద్ధగా విని, "జర ఉప్పేస్తె పులుసైతది గదరా," అంది. గానుగ నుంచి తెలగపిండి వాసన, గుంత నుంచి ఈ పులుసు వాసన, మా ఒంటి నుంచి చెమట వాసన. మూడూ కలిసి ఆ కొట్టంలో ఎంత చిక్కగా ఉండేవంటే, ఇప్పటికీ నిమ్మకాయ కోస్తే నా నడుము దానంతటదే వంగుతుంది. ఒక గోడకు ఆంజనేయుడి పటం, ఎదుటి గోడకు పీర్ల పండుగ నాటి పచ్చగుడ్డ. ఇమామ్ సాబ్ రెంటికీ ఒకే ఊదుబత్తి తిప్పేవాడు. భక్తి అని మేమనుకుంటే, ఊదుబత్తులు ప్రియమైపోయాయని ఆయనే చెప్పాడు.

ఇమామ్ సాబ్ ఒకప్పుడు హైదరాబాద్ దాకా పోయి కుస్తీ పట్టినవాడని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆయన మాత్రం చెప్పుకునేవాడు కాడు. చెవులు రెండూ నలిగి నలిగి ఎండిన అంజూరాల్లా ఉండేవి. అవే ఆయన సర్టిఫికెట్లు. మేం పడితే "దులుపుకో" అనేవాడు. మేం గెలిచినా "దులుపుకో" అనేవాడు. పొగడ్త, తిట్టు, ఓదార్పు అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉండేవి. ఏది ఎప్పుడో మనమే చూసుకోవాలి.

ఆ తాలీంకు ఒక రివాజు ఉండేది. వీపుకు మట్టి అంటినవాడు మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చి, గుంత మొత్తం పారతో తవ్వి, గడ్డలు చిదిపి, అరచేత్తో నిమిరి చదును చెయ్యాలి. ఎవడు ఓడితే వాడు. నేను చేరిన కొత్తలో ఓడిపోయాను. తర్వాత పాతబడ్డాను, అప్పుడూ ఓడిపోయాను. నన్ను పడగొట్టడానికి వాళ్ళు పెద్దగా కష్టపడేవాళ్ళు కూడా కాదు, ఇంటికి పోతూ దారిలో చేసే పనిలా చేసిపోయేవాళ్ళు. నేనున్నంత కాలం మిగతావాళ్ళకు పార ఎక్కడుంటుందో తెలియదు. "ఏం సత్తెం, రేపు కూడ నువ్వేనా?" అని అడిగితే, "ఎల్లుండి కూడ నేనే. మీరు నిమ్మలంగ పండుకోండ్రి," అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను ముందే నవ్వేవాణ్ణి గనక వాళ్ళ నవ్వు అంతగా తగిలేది కాదు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో వంటా, పెత్తనమూ నాయనమ్మవే. మా నాయిన సర్కారు బడిలో లెక్కల పంతులు. ఎంత ఎండైనా నల్ల షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని బడికి పోయేవాడు. మాటలో పిసరంత ఎక్కువ తక్కువ ఒప్పుకునేవాడు కాడు. ఎవరైనా "ఊరంతా వచ్చింది" అంటే, "ఊరంతా ఎట్లొస్తది? నేను రాలె గద," అనేవాడు. ఉన్నది ఒక్క బర్రె. దాని పాలతో నాయిన చాయ్, నాయనమ్మ పెరుగు, నా కుస్తీ మూడూ జరగాలి. నాయిన స్నానానికి పోగానే నాయనమ్మ నా గ్లాసు నింపి, చెంబులో అంతకు అంత నీళ్ళు పోసేది. నాయిన చాయ్ తాగి, "ఈ బర్రె ఎండకాలం వచ్చెవరకు ఒట్టి నీళ్ళిచ్చేటట్టున్నది," అనేవాడు. పహిల్వాన్లు బాదం పప్పు తింటారని విని నాయనమ్మ నాకు ఎడ్లకు పెట్టే ఉలవలే ఇన్ని ఉడకబెట్టి పెట్టేది. "బాదాం తిన్నోళ్ళు అరకలు గుంజుతరా? ఉలవలు తిన్నయి గుంజుతయి," అని ఆమె వాదం.

ఇట్లా ఉండగా నేను మిడిల్ పరీక్ష తప్పాను. తప్పింది లెక్కల్లో. ఆ లెక్కలు చెప్పింది మా నాయిన.

"హిసాబ్ పంతులు కొడుకు హిసాబ్ల ఫెయిల్! రేపు బడికి ఏ మొఖం పెట్టుకొని పోవాలెరా?" అన్నాడు.

"ఉన్నది ఒక్కటే గద నాయినా," అన్నాను.

అది జోకు వేసే సమయం కాదని నాకు తెలుసు. తెలిసేలోపు నోట్లోంచి వచ్చేసింది. నాయిన అద్దాలు తీసి ధోతి కొసతో తుడుచుకుని, నన్ను కోదాడ పంపేస్తానన్నాడు. అక్కడ మా మేనమామకు మిరపకాయల కొట్టుంది. పొద్దున మొదలు చీకటి పడేదాకా బస్తాలు మొయ్యడం. ఇక నా కుస్తీలన్నీ తుమ్ములతోనే. నాకు ఆ క్షణం దాకా తాలీం అంటే అంత ఇష్టమని తెలియదు. రోజూ ఓడిపోయే చోటు మీద ఆ ఇష్టం ఎందుకో చెప్పలేను. నాయనమ్మ నా మొహం చూసింది. "మిర్యాలగూడ కుస్తీలు కానీరా. అంతదాక ఉండనీ," అంది. నాయిన ఆలోచించి, లెక్క ఇచ్చినట్టు ఇచ్చాడు: "సరె. గాడ ఒక్క కుస్తీ గెలిస్తె ఈడనే ఉండు, తాలీం చెయ్యి, మల్ల పరీక్ష కట్టు. వీపుకు మట్టంటెనా, మర్నాడే కోదాడ బండెక్కు. సాఫ్ మాట."

ఆ తర్వాతే రోజులు పాడయ్యాయి. రజాకార్లు, వాళ్ళ వెనక పోలీసు చర్య, దాని వెనక ఊరూరా మిలటరీ. దాన్ని గురించి పెద్దవాళ్ళు పెద్ద పుస్తకాలు రాస్తారు. మా గుంత వరకు జరిగిందేమంటే పిల్లలు రావడం మానేశారు. ఒకణ్ణి వాళ్ళ వాళ్ళు మోతెలో చుట్టాల ఇంటికి పంపేశారు. ఒకణ్ణి ఇంట్లోంచి కాలు బయట పెట్టనివ్వలేదు. కొందరి ఇళ్ళలో, "ఇప్పుడు ఆ సాయిబు దగ్గరికి ఎందుకు?" అన్నారు. నిన్నటిదాకా తమ పిల్లల బెణుకులకు అదే సాయిబుతో నూనె రాయించుకున్న ఇళ్ళు అవి. మా ఇంట్లో నాయిన ఆ మాట అనలేదు. "నీకు చెప్పిన షర్తు కుస్తీది. సాయిబుది కాదు," అన్నాడంతే. ఆ ఏడు మిర్యాలగూడ కుస్తీలు జరగలేదు. మళ్ళీ ఏడన్నారు. నా శిక్ష వాయిదా పడింది గానీ రద్దు కాలేదు.

చివరికి తాలీంలో ఇమామ్ సాబ్, నేను మిగిలాం. నలుగురు కూడవద్దని హుకుం గనక తలుపు వేసుకునేవాళ్ళం. దండీలు తీసేవాణ్ణి, బస్కీలు తీసేవాణ్ణి, తర్వాత చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. ఓడిపోవడానికి కూడా ఒక మనిషి కావాలి. రివాజు ప్రకారం చూస్తే నేను ఓడలేదు గనక తవ్వే పని లేదు. అయినా ఒక పొద్దున పోయేసరికి ఇమామ్ సాబే వంగి తవ్వుతున్నాడు. ఒక్కో పోటుకు ఆగి, నడుము పట్టుకుని, మళ్ళీ వేస్తున్నాడు. నేను పార లాక్కున్నాను.

"ఉస్తాద్, ఎవ్వడు వస్తలేడు. ఎవని కోసం ఈ తవ్వుడు?"

"తవ్వకపోతె మట్టి గట్టిపడతది బేటా. గట్టిపడినంక వచ్చినోని నడుము ఇరుగుతది."

"ఎవడొస్తడు ఉస్తాద్?"

"ఎవడో ఒకడు వస్తడు తియ్. వానికి మెత్తగ ఉండాలె గద."

పట్టుదల అని, సాధన అని ఇప్పుడు పత్రికల్లో రాస్తుంటారు. పొద్దున లేవగానే గుండెల్లో నిప్పు రగులుతుందట. నాకు ఏదీ రగల్లేదు. చలికాలం, కంబళి వెచ్చగా ఉండేది, ఎవరి మీద గెలవాలో వాళ్ళే లేరు, నిన్నటికంటే ఇవాళ నేను బలపడ్డానో లేదో చెప్పేవాడు లేడు. ఒక్కటే ఉండేది. నేను లేవకపోతే ఆ ముసలాయన తవ్వుతాడు. ఆ మాట గుర్తొచ్చి, తిట్టుకుంటూ లేచేవాణ్ణి. తిట్టుకుంటూనే దండీలు తీసేవాణ్ణి, తిట్టుకుంటూనే తవ్వేవాణ్ణి. ఏడాది పొడుగునా నా సాధన రహస్యం అదే. ఎవరికైనా పనికొస్తే వాడుకోవచ్చు.

మా తెలివి ఎంతటిదంటే, మిలటరీవాళ్ళు ఊరూరా ఆయుధాల కోసం నేల తవ్వి చూస్తున్న రోజుల్లో, మేం తెల్లవారకముందే తలుపులు బిడాయించుకుని లోపల ధబ్ ధబ్‌మని గుంత తవ్వుతున్నాం. వీధిలో ఎవరికైనా ఏం వినిపిస్తుందో మాకు తట్టనే లేదు. మాకది కుస్తీ చప్పుడు. ఒక పొద్దున తలుపు ఊడి లోపలికి పడింది. దాని వెనక తుపాకులు వచ్చాయి. వాళ్ళకు కనిపించింది ఇది: లంగోటీ మీద ఒకడు, చేతిలో పార, పక్కన గడ్డం ముసలాయన, వాళ్ళ ముందు తాజాగా తవ్విన గుంత. వాళ్ళ స్థానంలో నేనున్నా మమ్మల్ని నమ్మేవాణ్ణి కాను.

మమ్మల్ని గోడకు నిలబెట్టి నలుగురు జవాన్లు గుంతలోకి దిగారు. ఇమామ్ సాబ్ ఉర్దూలో ఏదో చెప్పబోతే వాళ్ళ అధికారి నోర్ముయ్యమన్నాడు. వాళ్ళు నడుము లోతు తవ్వారు. ఎండిన నిమ్మచెక్కలు దొరికాయి. ఎండాకాలంలో నేను పోగొట్టుకున్న పన్ను దొరికింది. అధికారి దాన్ని వెలుగులో పెట్టి చూస్తుంటే, "అది నాదే," అన్నాను. ఇమామ్ సాబ్ కాలితో నా కాలు తొక్కాడు. అప్పుడు గుంతలో ఉన్న పొడుగాటి జవాను ఒకడు పార ఆపి, గుప్పెడు మట్టి తీసి వాసన చూశాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి. వాడి మొహం మారిపోయింది. "సాబ్, యే తో అఖాడా హై!" అన్నాడు. వాళ్ళ వైపు కుస్తీ గుంతను అట్లా అంటారట. గబగబా బయటికెక్కి బూట్లు విప్పి, మళ్ళీ దిగి, ఆ మట్టి కళ్ళకద్దుకున్నాడు. అధికారి నా పన్ను నాకిచ్చేశాడు.

వాళ్ళు పోయాక ఇమామ్ సాబ్ గుంతలోకి తొంగి చూశాడు. "ఇంత మంచిగ నువ్వు ఎన్నడన్న తవ్వినవా?" అన్నాడు.

తర్వాత ఆ జవాను సెలవు దొరికినప్పుడల్లా తాలీంకు రావడం మొదలుపెట్టాడు. నా భాష వాడికి రాదు, వాడి ఉత్తరాది యాస నాకు అందదు. నన్ను నడుం దగ్గర పట్టుకునేవాడు, ఎత్తేవాడు, వేసేవాడు. మళ్ళీ ఓడిపోయే భాగ్యం దక్కింది. వారాల తరబడి అంతే. ఒకనాడు మాత్రం పట్టుకున్నాడు, ఎత్తబోయాడు, నేను లేవలేదు. మళ్ళీ ఎత్తబోయాడు. నేను చేసిందేమీ లేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము వంచి, మట్టి తవ్వేటప్పుడు నిలబడినట్టు నిలబడ్డాను, అంతే. వాడు వదిలేసి, నవ్వుతూ ఏదో అన్నాడు.

"ఏమంటున్నడు ఉస్తాద్?"

"నీ కాళ్ళకు ఏర్లు మొలిచినయంట," అన్నాడు ఇమామ్ సాబ్. ఆ రోజు "దులుపుకో" అనలేదు. దులుపుకోవడానికి నా వీపు మీద ఏమీ లేదు.

కొద్ది రోజులకే ఆ జవానును వేరే ఊరికి మార్చారు. మరుసటి ఏడు కోతలయ్యాక మిర్యాలగూడ కుస్తీలు మళ్ళీ పెట్టారు. బండిలో ఇమామ్ సాబ్, నేను, నాయిన వెళ్ళాం. నాయిన ఎందుకని నాయనమ్మ అడిగితే, "షర్తు పెట్టినోడు చూడొద్దా?" అన్నాడు. షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని, కోసిన పొలంలో, గోచీల నడుమ నిలబడ్డాడు. అక్కడ పిల్లల్ని వీపుకు వీపు ఆనించి ఎత్తు చూసి జోడీ కడతారు. నా వీపుకు ఆనిన వీపు ఇంకా రెండు వైపులా మిగిలింది. అది అప్పారావు. వాడు వెనక్కి తిరిగి నన్ను చూసి, "ఏంటి, వీడితోనా? పాపం, ఎవరన్నా అన్నం పెట్టండయ్యా ముందు," అన్నాడు. జనం నవ్వారు. బాగుంది, నేనైనా అదే అనేవాణ్ణి. ఇమామ్ సాబ్ నా చెవిలో, "పడకు," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన పెద్ద ఉపదేశం అదే.

కుస్తీ గురించి చెప్పడానికి చాలా తక్కువ ఉంది. అప్పారావుకు పట్లన్నీ తెలుసు. నాకు నిలబడటం తెలుసు. వాడు నడుము పట్టాడు, మెడ వంచాడు, కాలు అడ్డం పెట్టాడు, భుజం మీదికి లాగాడు. నేను తవ్వేటప్పటిలా వంగి, వాణ్ణి పట్టుకుని ఉన్నాను. ఒకసారి నన్ను బోర్లా పడేశాడు. వెల్లకిలా తిప్పడానికి నానా తంటాలు పడ్డాడు. నేను మట్టిని కరిచిపట్టుకుని తిరగలేదు. నా చెవి వాడి మోచేతి కింద నలిగిపోయింది. డప్పులవాళ్ళు కాసేపు హుషారుగా కొట్టారు, తర్వాత మామూలుగా కొట్టారు, తర్వాత ఒకడు ఆపి బీడీ ముట్టించుకున్నాడు. "గిది కుస్తీనా, కాపురమా?" అని ఎవరో అరిచారు. "ఒరేయ్ అప్పారావూ, ఎత్తరా! ఎత్తు!" అని కోదాడ వాళ్ళు. "వస్తే కదా ఎత్తేది!" అని అప్పారావు నా చెవిలోనే అరిచాడు, బాగున్న చెవిలో. వాడి కాళ్ళు వణకడం నాకు తెలుస్తోంది. నావి వణకడం వాడికీ తెలిసే ఉంటుంది. చివరికి పెద్దమనిషి ఒకాయన మధ్యలోకి వచ్చి మా ఇద్దరి చేతులూ ఎత్తి, "బరాబర్!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, మేం ఆపినందుకు.

అందరినీ, అన్నిటినీ వెక్కిరించే నేను దీన్ని మాత్రం వెక్కిరించలేను. నాకు గర్వమే. గెలవలేదు, కనీసం చూడముచ్చటగా ఆడలేదు, అయినా గర్వమే. నా వీపు శుభ్రంగా ఉంది. ఇమామ్ సాబ్ దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరాడు, గుంత చదును చేసిన తర్వాత మట్టిని నిమిరినట్టు. ఇప్పుడు హైదరాబాదులో మా ఆఫీసు పక్కన ఒక వ్యాయామశాల ఉంది. ఇనప దిమ్మెలు, గోడకు నిలువుటద్దాలు. పిల్లలు చెయ్యి ఎత్తి దించినప్పుడల్లా అద్దంలో చూసుకుంటారు. వాళ్ళను తప్పు పట్టను, మాకూ అద్దం ఉంటే చూసుకునేవాళ్ళమే. కాకపోతే మా ఎదుగుదల మాకు కనపడేది కాదు. ఎవడో ఎత్తబోయి ఎత్తలేక వదిలేస్తే తప్ప తెలిసేది కాదు. ఇమామ్ సాబ్ పోయి రెండేళ్ళయింది. తాలీం ఉంది, పిల్లలు నిండా ఉన్నారు. అప్పట్లో సాయిబు దగ్గరికి ఎందుకని అన్న ఇంటి పిల్లవాడే ఇప్పుడక్కడ ఉస్తాద్. మట్టి మెత్తగానే ఉంది, పోయినప్పుడు దిగి చూశాను. ఆఫీసు కుర్చీలో పెరిగిన పొట్టతో ఎక్కడానికి మాత్రం ఇద్దరు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ రోజు మిర్యాలగూడ నుంచి బండిలో తిరిగి వస్తున్నాం. నేను నాయిన షర్తునే తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. గెలిస్తే ఇక్కడ, పడితే కోదాడ. గెలవకా పడకా ఉంటే ఏమిటన్నది షర్తులో లేదు. లెక్కలాయన లెక్కలో అది మర్చిపోయాడు. అది ఎటు తేలుతుందో నాకు తెలియదు. వేములపల్లి దగ్గర ఒక ముసలామె బండెక్కింది. నా వైపు చూసి, "పోరని చెవు గట్ల ఉబ్బిందేంది? ఎవలన్న కొట్టిండ్రా?" అంది.

నాయిన గొంతు సవరించుకున్నాడు. "కొట్టుడు కాదమ్మా. కుస్తీ పట్టిండు. కోదాడోడు, వీనికంటె కొంచెం పెద్దోడు. బరాబరైంది."

ఇది నిజమే. బండి మూసీ దాటింది. ఇంకెవరో ఎక్కారు. ఈసారి అప్పారావు నాకంటే తలెత్తు పొడుగు, పెళ్ళయినవాడు. ఇంకో ఊరు దాటేసరికి ఇద్దరు పిల్లల తండ్రి. చూడటానికి ఊరంతా వచ్చింది, అవును, ఊరంతా అనే అన్నాడు మా నాయిన. నేను ఇమామ్ సాబ్ వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు గానీ గడ్డం కదులుతోంది. సూర్యాపేట కనపడే వేళకు అప్పారావు వెల్లకిలా పడ్డాడు.

గడపలోనే నాయనమ్మ నిలబడి ఉంది. "ఏమైందిరా? వీని బట్టలు మూట కట్టాల్నా? కోదాడకు పోతడా?"

"కోదాడకు వీడెందుకు పోతడే?" అన్నాడు నాయిన, షేర్వానీ పై గుండీ విప్పుకుంటూ. "కోదాడోడే వీని దగ్గరికొచ్చి నేర్చుకొని పోవాలె."

అట్లా కాదు నాయినా, అసలు జరిగిందేమంటే, అని చెప్పబోయి నోరు తెరిచాను. నాయనమ్మ అందులో బెల్లం ముక్క పెట్టింది.